కీచుమన్న తర్వాతే ఫోటో

తిరుమణి చుట్టుపక్కల ఇన్ని వేల ఎకరాల్లో సోలార్ ప్లేట్లు పరిచింది కరెంటు కోసమని అందరూ అనుకుంటారు. అది పైకి చెప్పుకునే మాట. అసలు కారణం మా అవ్వ అంజినమ్మ. ఆమె కెమెరా ఎత్తి ఒక కన్ను మూసిందంటే చాలు, పైన సూర్యుడు ఉన్నచోటే ఆగి, జుట్టు సరిచేసుకుని, ఆమె "అయిపాయ" అనేదాకా కదిలేవాడు కాదు. ఏళ్ల తరబడి ఇట్లా మా ఊరి మీద ఆగి ఆగి ఎండ మొత్తం ఇక్కడే పేరుకుపోయింది. ఇంకెక్కడా లేని ఎండ ఈ పావగడ తాలూకాలోనే ఎందుకుందా అని పెద్దపెద్ద ఇంజనీర్లు వచ్చి వెతికారు. కారణం దొరకలేదు గానీ ఎండ దొరికింది కాబట్టి ప్లేట్లు పరుచుకుని కూర్చున్నారు. మా అవ్వ దగ్గరికి వచ్చి ఒక్కరైనా థ్యాంక్స్ చెప్పిన పాపాన పోలేదు.

ఇంత పేరున్న మనిషి నిలబడితే నా భుజం దాకా వస్తుంది. నడుముకు ఎప్పుడూ ఒక గుడ్డసంచి కట్టుకుని ఉంటుంది. అందులో ఒక పక్క వక్కాకు, ఇంకో పక్క కెమెరా. రెండూ ఒకే సంచిలో కాపురం చేసి చేసి కెమెరాకు వక్కాకు వాసన పట్టింది. అది ఒకప్పుడు వెండి రంగులో మెరిసేదట. నాకు తెలిసేసరికి మూలల్లో రంగు పోయింది, బటన్ చుట్టూ సున్నం మరకలు పడ్డాయి, బ్యాటరీ మూత ఊడిపోకుండా నా జడ రబ్బరు బ్యాండు ఒకటి దానికి బిగిసింది. వెనక స్క్రీన్ మీద నిలువునా ఒక పగులు. అందులోంచి చూస్తే ఎంత అన్యోన్యంగా ఉన్న మొగుడూ పెళ్లామైనా చెరో ముక్కలో కనిపిస్తారు.

అవ్వ పుట్టింది గొర్రెలు కాసే ఇంట్లో. వెంకటమ్మనహళ్లి పక్క గుట్టల్లో మంద వెనక తిరిగిన పిల్ల, మా తాత పెద్దతిమ్మప్పను పెళ్లి చేసుకుని తిరుమణికి వచ్చింది. ఇద్దరూ కలిసి ఎర్రనేలలో శెనక్కాయలు వేసేవాళ్లు. వాన వస్తే తినేవాళ్లు, రాకపోతే ఒకరినొకరు తిట్టుకునేవాళ్లు. ఇట్లాంటి ఆమెకు కెమెరాతో సంబంధం కలిపింది స్త్రీశక్తి సంఘం. సంఘంలో చేరిన ఆడవాళ్లంతా తలా ఒక ఫోటో ఇవ్వాలన్నారు. అందరూ ఒక ఆటో మాట్లాడుకుని, ఒకరి మీద ఒకరు కూర్చుని పావగడకు పోయారు. స్టూడియోలో స్టూలు మీద అందరికన్నా ముందు కూర్చున్నది మా అవ్వే. ఫోటోగ్రాఫర్ దగ్గరికొచ్చి, తల కొంచెం పైకెత్తమంటూ, ఆమె గడ్డం కింద వేలు పెట్టి లేపాడు. మా అవ్వ లేచి నిలబడి, అతని గడ్డం కింద తన వేలు పెట్టి, ఇంకొంచెం ఎక్కువే లేపింది. అతని చూపు పోయి పైన తిరిగే ఫ్యాన్‌లో పడిందట. ఆ రోజు ఒక్క ఫోటో కూడా పడకుండానే ఆటో వెనక్కి తిరిగింది.

మనకే ఒక కెమెరా ఉంటే ఈ గడ్డాల గోల ఉండదు కదా అనే మాట ఆ ఆటోలోనే పుట్టింది. అప్పట్లో బెంగళూరులో లారీ తోలే అవ్వ తమ్ముడు ఆదెప్ప ఎక్కడో చూసి ఈ కెమెరా తెచ్చిపెట్టాడు. తెచ్చాక దాన్ని ముట్టుకోవడానికి ఎవరికీ ధైర్యం రాలేదు. ఫోటోగ్రాఫర్ గడ్డమే పట్టుకున్నదానివి, కెమెరా పట్టుకోలేవా అని అందరూ కలిసి అవ్వ చేతిలో పెట్టారు.

మొదటి స్టూడియో మా ఇంటి వసారా. ఫోటో వెనక తెల్లగా ఉండాలన్నారు గనక తాత పంచ ఒకటి తీసి గోడకు మేకులు కొట్టి కట్టింది. తాతకు మంచి పంచ అదొక్కటే. ఆడవాళ్లందరి ఫోటోలూ అయ్యేదాకా ఆయన టవలు చుట్టుకుని లోపల రాగుల బస్తా మీద కూర్చున్నాడు. మా ఊళ్లో ఆ తరం ఆడవాళ్ల గుర్తింపు కార్డు ఏది తీసి చూసినా తల వెనక కనిపించేది మా తాత పంచే. ఇప్పటికీ ఆయన ఎవరితోనైనా గొడవ పడితే, నా పంచ లేకుంటే మీ ఇంటామెకు కార్డే లేదని గుర్తుచేస్తాడు.

అవ్వ ఫోటో తీసే పద్ధతి ఒకటుంది. అది ఊరంతటికీ నేర్పింది. మొదట్లో ఎవరూ కుదురుగా నిలబడేవాళ్లు కాదు. ఒకామె పైట సర్దుకునేది, ఒకామె పిల్లను కొట్టేది, ఫోటోలన్నీ చెదిరిపోయేవి. అందుకని అవ్వ ఒక చట్టం పెట్టింది. తను "బిగబట్టండి" అనగానే అందరూ ఊపిరి బిగబట్టాలి. బటన్ నొక్కితే కెమెరా లోపల గుర్రుమని ఏదో తిరుగుతుంది, ముక్కు ముందుకొస్తుంది, వెనక్కి పోతుంది, చివరికి కీచుమంటుంది. ఆ కీచు వినబడేదాకా ఊపిరి వదలకూడదు, కన్ను ఆర్పకూడదు. వినబడగానే, బడి వదిలినట్టు అందరూ ఒక్కసారి ఊపిరి వదిలి, ఒకరి ముఖం ఒకరు చూసుకుని నవ్వుకునేవాళ్లు. చంటిపిల్లలకు తప్ప ఊళ్లో అందరికీ ఈ చట్టం వచ్చు. చాలామందికి వాళ్ల ఫోన్ నెంబరు గుర్తుండదు గానీ ఇది గుర్తుంటుంది.

ఫోటోలు ఎంత బాగుండేవంటే, వేరేవాళ్లు తీస్తే పోలీస్ స్టేషన్లో నిలబెట్టినట్టు ఉంటామనీ, అంజినమ్మ తీస్తేనే మనుషుల్లా ఉంటామనీ ఆడవాళ్లు చెప్పుకునేవాళ్లు. నిజంగానే ఆ ఫోటోల్లో ఒక్కరూ బిగుసుకుని ఉండరు. ఒకామె నవ్వుతూ పక్కామె భుజం మీద వాలుతుంది, ఇంకొకామె నోటికి కొంగు అడ్డం పెట్టుకుంటుంది, బాలింత బిడ్డవైపు చూస్తుంది. ఊపిరి బిగబట్టిన మనుషులు ఇంత హాయిగా ఎట్లా పడ్డారని ఎవరూ అడగలేదు. అదంతా అవ్వ హస్తవాసి అన్నారు. అవ్వ కూడా కాదనలేదు. నాటు వైద్యుడు తన చెయ్యి చూసుకున్నట్టు అప్పుడప్పుడు తన కుడిచెయ్యి తిప్పి చూసుకునేది.

సోలార్ కంపెనీలకు భూములు లీజుకిచ్చిన కాలంలో ఆ చేతికి తీరిక లేదు. ప్లేట్లు పడక ముందే మా చేనులో మమ్మల్ని ఒక ఫోటో తియ్యమని జనం వచ్చేవాళ్లు. గట్టు మీద ఎద్దులతో ఒకరు, ఎండిపోయిన బోరు పక్కన ఒకరు. ఆ చేను మీద వాన పడలేదని ఏడ్చినవాళ్లే ఫోటోలో నవ్వుతుంటారు. మా చేను ఫోటోలో తాత చెవి గోక్కుంటూ ఉన్నాడు. ఆయన ఏ ఫోటోలో చూసినా చెవి గోక్కుంటూనే ఉంటాడు. ఇప్పుడు ఆ చేను ఎక్కడుండేదో చూపించమంటే, వరసగా పరిచిన ప్లేట్ల మధ్య తాత ఒకచోట చూపిస్తాడు, అవ్వ ఇంకోచోట చూపిస్తుంది. అక్కడే ప్లేట్ల కింద గడ్డి కోసే పనికి పోయే నేను ఎవరి పక్షమూ పట్టను. కెమెరాలో ఉన్నదొక్కటే తగాదా లేని చేను.

ఆ తర్వాత ఇంటింటికీ ఫోన్లొచ్చాయి. ఇక అవ్వ పని అయిపోయిందనుకున్నాం. కాలేదు. ఆడవాళ్లు మాత్రమే ఉండే వేడుకలు కొన్ని ఉంటాయి. పసుపు నలుగు పెట్టేటప్పుడు, బాలింతకు నీళ్లు పోసేటప్పుడు, సీమంతంలో కడుపుతో ఉన్న పిల్లకు గాజులు తొడిగేటప్పుడు మగవాళ్లను గడప లోపలికి రానివ్వరు. ఫోన్‌లో తీస్తే ఆ ఫోటో సాయంత్రానికి ఎవరెవరి వాట్సాప్‌లో తేలుతుందో తెలియదు. అవ్వ తీస్తే అది సంచిలో వక్కాకు పక్కన ఉంటుంది. ఆమె మెమరీ కార్డు తీసుకుని పావగడ పోయి, పక్కన నిలబడి ప్రింట్లు వేయించి, ఆ ఇంటామె చేతికే ఇస్తుంది. అందుకే మా ఊళ్లో పిలుపులు రెండు రకాలు. ఒకటి భోజనానికి పిలిచేది, ఇంకొకటి గడప దాటి లోపలికి పిలిచేది. రెండో పిలుపు వచ్చిన రోజు మా అవ్వ నడకే వేరు. మోటారు బండి మీద వచ్చే పంచాయతీ మెంబరు కూడా పక్కకు తప్పుకుని దారివ్వాలి.

ఆ రెండో పిలుపు మీదే దెబ్బ పడింది, పోయిన ఎండాకాలంలో.

మా వీధి చివర ఓబులేశ్ కూతురు ధనుశ్రీకి సీమంతం పెట్టారు. ధనుశ్రీ బడిలో చేరడానికి ఫోటో తీసింది మా అవ్వ. పెళ్లిలో నలుగు ఫోటోలు తీసింది మా అవ్వ. కాబట్టి సీమంతానికి ఎవరు తీస్తారనేది ఎవరూ అడగాల్సిన ప్రశ్నే కాదు. కానీ ఓబులేశ్ భార్య రూప పిలవడానికి వచ్చి, కుంకుమ భరిణె కింద పెట్టి, చాలాసేపు ఎండ గురించి మాట్లాడింది. మా ఊళ్లో ఎండ గురించి మాట్లాడుతున్నారంటే వేరే మాట ఏదో గొంతులో ఆగిందని అర్థం. చివరికి బయటపడింది. ధనుశ్రీ అత్తగారివాళ్లు బెంగళూరువాళ్లు. పెళ్లిలో మా అవ్వ కెమెరాను చూసి ధనుశ్రీ ఆడబిడ్డ ఇది ఆటబొమ్మా అని అడిగిందట. ఈసారి తామే ఒక లేడీ ఫోటోగ్రాఫర్‌ని తెస్తామంటున్నారట.

"నాకు నువ్వే కావాల అత్తా," అంది రూప. "లోపలికి వేరే మనిషిని రానీడం నాకే ఇష్టం లేదు. కానీ ఆ డబ్బా మాత్రం వద్దు. మా వియ్యంకుల ముందర నువ్వు ఆ రబ్బరు బ్యాండు విప్పితే నేను తలెత్తుకోలేను. కొత్తది ఒకటి తెచ్చుకో. తెచ్చుకుంటే సరి, లేకుంటే నేను వాళ్లకు వద్దని ఎట్లా చెప్పేది?"

అవ్వ వక్క కొరుకుతూ సరే చూస్తాలే అంది. రూప పోయాక వక్క ఉమ్మేసి, నిన్నమొన్నటిదాకా చీమిడి ముక్కు పిల్లను ఎత్తుకోని నా పంచ ముందర నిలబడినదానికి నా కెమెరా డబ్బా అయిందా అంది. ఆ పంచ నాది అని లోపలినుంచి తాత అన్నాడు.

విషయం విని మా చిన్నాయన ప్రకాశ్ తుమకూరు నుంచి ఒక కెమెరా తెచ్చాడు. స్నేహితుడి దగ్గర తీసుకున్నది, వాడి చూసి నచ్చితే ఉంచుకోవచ్చు, నచ్చకపోతే సీమంతం దాటాక తిరిగిచ్చేయొచ్చు. నల్లగా, బరువుగా, మెడలో వేసుకునే పట్టీతో ఉంది. అవ్వ దాన్ని ఒళ్లో పెట్టుకుని కొత్త కోడలిని చూసినట్టు చూసింది. నలుపు ఎక్కువన్నది. కన్ను పెద్దదన్నది, ఇంత కన్ను మనిషి కడుపులోని సంగటి ముద్ద కూడా చూస్తుందన్నది. సంచిలో పట్టదన్నది. అన్నింటికన్నా పెద్ద తప్పు, దానికి మూత ఊడిపోలేదు, బ్యాండు వేయాల్సిన పని లేదు. ఏ లోపమూ లేనిదాన్ని నమ్మడానికి మా అవ్వకు టైం పడుతుంది.

మరుసటి రోజు ఉదయం వీధిలో పరీక్ష పెట్టింది. తాతను, పాలు పోసి వస్తున్న ఆడవాళ్లను, ఊరికే పోతున్న ఓబులేశ్‌ను గోడ ముందు నిలబెట్టింది. బిగబట్టండి అంది. అందరూ బిగబట్టారు. అవ్వ బటన్ నొక్కింది. గుర్రుమనలేదు, ముక్కు కదల్లేదు, కీచుమనలేదు. పడలేదేమో అనుకుని మళ్లీ నొక్కింది. మళ్లీ నొక్కింది. అవతల కీచు ఎప్పుడొస్తుందా అని చూస్తూ జనం బిగబట్టే ఉన్నారు. తాత ముఖం మొదట ఎర్రగా, తర్వాత మందారం రంగుకు, ఆ తర్వాత ఏ పూలలోనూ లేని రంగుకు వచ్చింది. ఓబులేశ్ గోడ పట్టుకున్నాడు. చిన్నాయన పరుగెత్తుకొచ్చి, అమ్మా అయిపోయిందే, వాళ్లను వదలమని చెప్పు అనేదాకా ఎవరూ ఊపిరి తీయలేదు. మా ఊరివాళ్లు చట్టం అంటే చట్టమే.

కెమెరా వెనక బొమ్మలు చూశాం. అబ్బా, ఎంత తేటగా ఉన్నాయి. ప్రతి వెంట్రుకా లెక్కపెట్టొచ్చు. కానీ ఒక్కొక్కరి బుగ్గలు పూరీల్లా పొంగి, కళ్లు బయటికొచ్చి, అందరూ కలిసి ఒకేసారి దయ్యాన్ని చూసినట్టున్నారు. పాలామె తన ముఖం తనే చూసుకుని క్యాను అక్కడే మరిచి వెళ్లిపోయింది.

చూస్తివా, నేను చెప్పలేదా, దీని కన్ను మంచిది కాదు అని అవ్వ ఎంతో సంతోషపడింది. చిన్నాయన కెమెరాను అటూ ఇటూ తిప్పి చూశాడు. నాకు మాత్రం తాత చెవి మీద అనుమానం వచ్చింది. కొత్త ఫోటోల్లో ఆయన చెవి గోక్కోలేదు. పుట్టి బుద్ధెరిగాక తాత చెవి గోక్కోని ఫోటో చూడటం అదే మొదలు.

అవ్వ సంచిలోంచి పాత కెమెరా తీసి, తాతను మళ్లీ గోడ ముందు నిలబెట్టి, ఒకటి తియ్యమన్నాను. ఆయన బిగబట్టాడు. గుర్రుమంది. కీచుమంది. తాత ఊపిరి వదిలాడు, చెయ్యి పైకెత్తి చెవి గోక్కున్నాడు. అప్పుడు, అంతా అయిపోయాక, కెమెరా కొసన చిన్న ఎర్రదీపం ఒకసారి వెలిగి ఆరింది. స్క్రీన్ మీద చూస్తే చెవి గోక్కుంటున్న తాత. ఇంకోసారి తీయించాను. మళ్లీ అదే.

కీచుమన్నప్పుడు ఫోటో పడటం లేదు. కీచుమన్నది నేను సిద్ధం అని చెప్పడానికి. ఒళ్లు విరుచుకుని, ఆవలించి, అది నిజంగా ఫోటో తీసేసరికి జనం ఊపిరి వదిలేసి నవ్వుకుంటున్నారు. ఇన్నేళ్లూ ఊరు ఊరంతా బిగబట్టింది ఒక ఫోటో కోసం, పడింది ఇంకొకటి.

నేను ఇది చెబుతుంటే నవ్వు ఆపుకోలేకపోయాను. తాత అయితే గోడకు ఆనుకుని కూర్చుండిపోయాడు. "అయితే ఇన్నేండ్లూ నీ హస్తవాసి కాదంటావా అంజినీ," అన్నాడు. "ఆ డబ్బా సోమరితనమా?"

అవ్వ నవ్వలేదు. రెండు కెమెరాలనూ తీసుకుని లోపలికి పోయింది. ఆ పూట చారులో ఉప్పు లేదు. ఉప్పు లేదని చెప్పడానికి ధైర్యమూ లేదు. ఆ తర్వాత కూడా అవ్వ రెండింటిలో దేన్నీ ముట్టుకోలేదు. గూట్లో పక్కపక్కనే పెట్టి, దాటిపోయినప్పుడల్లా వాటివైపు చూసేది. పాతది తీసుకుపోతే రూప గడప దాటనివ్వదు. కొత్తది తీసుకుపోతే గడప లోపల అందరినీ దయ్యాలుగా తీయాలి. రెండూ వద్దని ఇంట్లో కూర్చుంటే ధనుశ్రీ సీమంతంలో బెంగళూరు ఆమె లోపల ఉంటుంది, మా అవ్వ బయట షామియానా కింద మగవాళ్ల పంక్తి పక్కన కూర్చుని పాయసం తాగుతుంది. ఆ పాయసం ఆమెకు దిగదని నాకు తెలుసు. ఆటపట్టించడం ఆపి, చట్టం మార్చేద్దాం అవ్వా, ఊపిరి బిగబట్టొద్దని ఇంటింటికీ చెప్పొస్తాను అన్నాను. ఆమె చెయ్యి తిప్పి చూసుకుంటూ, నేర్పింది నేను, మరిపించడానికి నువ్వెవరే అంది.

సీమంతానికి ముందురోజు రూప మనిషిని పంపింది. కొత్తది తెచ్చుకుందా లేదా, బెంగళూరువాళ్లకు మాట చెప్పాలి. అవ్వ వచ్చినవాళ్లతో, తెచ్చుకున్నానని చెప్పు, లోపల నా పీట నాకు వేసిపెట్టమను అంది. ఏం చేయబోతుందో నాకు చెప్పలేదు. పొద్దున్నే కొత్త కెమెరా మెడలో వేసుకుంది. అద్దంలో చూసుకుంది. తర్వాత పాతది తీసి నా చేతిలో పెట్టింది.

"కొంగు కింద దాచిపెట్టుకో. నేను మోచేత్తో పొడిస్తే బటన్ నొక్కు. ఎవరికీ చూపియ్యొద్దు. నోరు తెరవొద్దు."

లోపల గది నిండా ఆడవాళ్లు. పీట మీద ధనుశ్రీ, మోచేతుల దాకా ఆకుపచ్చ గాజులు. ఒక పక్క మా ఊరివాళ్లు, ఇంకో పక్క బెంగళూరువాళ్లు. మెడలో నల్ల కెమెరా చూసి పిల్ల ఆడబిడ్డ కళ్లలో మర్యాద కనిపించింది. రూప అవ్వవైపు చూసి ఊపిరి వదిలింది. అవ్వ తన పీటెక్కి నిలబడింది, ఎందుకంటే కింద నిలబడితే ఆమెకు జడలే తప్ప ముఖాలు కనబడవు. బిగబట్టండి అంది. మా పక్క బుగ్గలన్నీ పొంగాయి. బెంగళూరు పక్క వాళ్లు, ఏమిటిది అన్నట్టు చూశారు. అవ్వ మోచెయ్యి నా డొక్కలో దిగింది. నేను కొంగు కింద నొక్కాను. గుర్రు. కీచ్. మా ఊరి ఆడవాళ్లంతా ఫుస్సుమని ఊపిరి వదిలి నవ్వారు. వాళ్ల బుగ్గలు చూసి నవ్వాపుకుంటున్న బెంగళూరువాళ్లు కూడా బయటపడి నవ్వారు. ధనుశ్రీ పొట్ట మీద చెయ్యి పెట్టుకుని నవ్వింది. అప్పుడు నొక్కింది మా అవ్వ, చప్పుడు కాకుండా, కొత్తదాన్ని.

ఆ ఫోటో ఇప్పుడు రూప ఇంట్లో గోడ మీద ఉంది. దాని గురించి నేను చెప్పను, పోయి చూడండి.

అట్లా నడిచింది. మోచెయ్యి, కీచు, నవ్వు, ఫోటో. నా డొక్క వాచింది గానీ ఫోటోలు ఒకదాన్ని మించి ఒకటి వస్తున్నాయి. గాజులు తొడిగారు, ఒడి నింపారు, పాట మొదలుపెట్టారు. ఇక మిగిలింది పెద్ద గ్రూపు ఫోటో. రెండు పక్కలవాళ్లూ ధనుశ్రీ చుట్టూ కూర్చున్నారు. ఈపాటికి బెంగళూరువాళ్లకు కూడా చట్టం అర్థమైపోయి వాళ్లూ బుగ్గలు పొంగించారు. ఆడబిడ్డ అందరికన్నా గట్టిగా బిగబట్టింది. మోచెయ్యి తగిలింది. నొక్కాను. గుర్రుమంది. ముక్కు సగం దాకా వచ్చి ఆగిపోయింది. రబ్బరు బ్యాండు వదులై బ్యాటరీ జారి నా కాళ్ల దగ్గర పడింది. కీచు లేదు.

అవ్వ మళ్లీ పొడిచింది. నేను తల అడ్డంగా ఊపాను. ఎదురుగా గది నిండా ఆడవాళ్లు, ఒకరికీ ఊపిరి లేదు, కడుపుతో ఉన్న పిల్లతో సహా. రూప కళ్లు పెద్దవవుతున్నాయి. నేల మీద పడిన బ్యాటరీని నేను కాలితో చీర అంచు కిందికి తోశాను.

అప్పుడు పీట మీదినుంచి వచ్చింది ఒక కీచు. పాత కెమెరా కీచే, కాకపోతే కొంచెం వక్కాకు తడి ఉంది అందులో. మా అవ్వ నాలుక పళ్లకు ఆనించి, పెదాలు సున్నా చుట్టి, గొర్రెల మందను మలిపేటప్పుడు వేసే ఈలలో సగం వేసింది. ఒక్క క్షణం ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. తర్వాత గది గదంతా ఫుస్సుమని నవ్వింది, అవ్వ కొత్తదాన్ని నొక్కింది. ఆ నవ్వుకు బయట షామియానాలో తింటున్న మగవాళ్లు చేతులు ఆపారని తాత చెప్పాడు. ఆడబిడ్డ కళ్లనీళ్లు తుడుచుకుంటూ, బిడ్డకు మా ఇంట్లో పేరు పెట్టే రోజు కూడా మీరే రావాలి అమ్మా అని కన్నడలో అడిగింది. చూస్తాను, నాకు పనులుంటాయి అని అవ్వ కన్నడలోనే చెప్పింది. ఆమెకు ఏ పనులూ లేవు.

కొత్త కెమెరాను చిన్నాయన తిరిగి తీసుకుపోలేదు. అవ్వ దానికోసం ఇంకొంచెం పెద్ద సంచి కుట్టించుకుంది. వక్కాకు అందులోకి మారింది. పాతది గూట్లో ఉంది. దానికి నేను కొత్త రబ్బరు బ్యాండు వేశాను. ఎప్పుడైనా ఎవరూ లేనప్పుడు అవ్వ దాన్ని తీసి నొక్కి, కీచు వింటుంది, తర్వాత తనొకసారి వేసి చూసుకుంటుంది. ఇప్పుడు తనదే బాగుంటుందని ఆమె అభిప్రాయం. కీచు తర్వాతే ఫోటో పడుతుందన్న సంగతి ఊళ్లో ఎవరికీ ఇంకా చెప్పలేదు. కొత్త కెమెరాకు కూడా అంజినమ్మ హస్తవాసే అంటున్నారు. అవ్వ కాదనడం లేదు.

ఇదంతా రాసి, సూర్యుడు జుట్టు సరిచేసుకున్న దగ్గరినుంచి మొత్తం ఆమెకు చదివి వినిపించాను. ఆమె శెనక్కాయలు ఒలుస్తూ విన్నది. ఎక్కడా నవ్వలేదు. తాత చెవి దగ్గర మాత్రం ఒక గింజ నోట్లో వేసుకుంది. చివర్లో ఏమని రాయాలో తెలియక అడిగాను: ఆ గ్రూపు ఫోటో అంత బాగా రావడానికి కారణం నీ చెయ్యి అనాలా, పాతదాని సోమరితనం అనాలా, కొత్తదాని కన్ను అనాలా?

పొట్టు ఊదుకుని అవ్వ అంది:

"నా నోరు అని రాయి. రాసినాక నీ నోరు మూసుకోని పోయి బిందె నింపుకోని రా."